మన బడి కంప్యూటర్‌కు తెలుగు వచ్చా?

పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్లతో తెలుగు మాధ్యమ బడి తన పని తాను చేసుకోవచ్చు. బెంగళూరులో ఒక టీచర్ అనుభవం.

కొన్నేళ్ల కిందట, అర్ధ సంవత్సర పరీక్షలకు ముందు రోజు సాయంత్రం. ఎనిమిదో తరగతి గణితం ప్రశ్నపత్రాన్ని బడి కంప్యూటర్‌లో టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జెరాక్సు షాపుకు వెళ్లాను. షాపు కుర్రాడు ఫైలు తెరిచాడు. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. ‘ఏ భాష మేడమ్ ఇది?’ అని కన్నడలో అడిగాడు. అంతకుముందు మాకు తెలుగు టైపు చేసిపెట్టిన డీటీపీ ఆయన షాపు మూసేసి ఊరెళ్లిపోయారు. ఆ చుట్టుపక్కల తెలుగు టైపు చేసేవారు ఇంకెవరూ నాకు తెలియదు.

ఆ రాత్రి ప్రశ్నపత్రమంతా చేత్తో రాశాను. పొద్దున్నే జెరాక్సు తీయించి పిల్లలకు పంచాను. ఒక లెక్కలో నేను రాసిన 17 జెరాక్సులో 11లా పడింది. అయిదుగురు పిల్లలు 11 అనుకునే లెక్క చేశారు. పద్ధతి సరిగ్గా ఉంది కాబట్టి మార్కులు వేశాను. బాధ పెట్టింది అది కాదు. పరీక్ష అయ్యాక ఒక అమ్మాయి వచ్చి, ‘మేడమ్, ఇంగ్లీషు మీడియం వాళ్ల పేపరు అచ్చులో వచ్చింది కదా, మనకెందుకు రాలేదు?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

కర్ణాటకలో పాఠ్యపుస్తకాల సంఘం తెలుగుతో కలిపి ఏడు భాషల్లో పుస్తకాలు ఇస్తోంది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. కానీ యూనిట్ టెస్టు పేపరు, నోట్సు, తల్లిదండ్రుల సమావేశం చీటీ, వార్షికోత్సవం ఆహ్వానం పైనుంచి రావు. వాటిని మనమే తయారు చేసుకోవాలి. తెలుగులో చేయడం కష్టమని ఇంగ్లీషులో కానిచ్చేస్తే, బడి పేరులో తప్ప మరెక్కడా తెలుగు మిగలదు. ఆ ప్రశ్నపత్రం తర్వాత నేను నేర్చుకున్నవి, మా బడిలో రోజూ వాడుతున్నవి ఇక్కడ చెబుతున్నాను. నేను కంప్యూటర్ నిపుణురాలిని కాదు, బీఈడీ చదివిన తెలుగు టీచరును. నాకు వచ్చిందంటే మీకూ వస్తుంది.

ముందు అక్షరం సంగతి

ఆ రోజు షాపులో జరిగిన తప్పు కుర్రాడిది కాదు. పాత డీటీపీ ఫాంట్లలో ‘క’ అనే అక్షరం కంప్యూటర్ లోపల నిజంగా ‘క’ కాదు. ఏదో ఒక ఇంగ్లీషు అక్షరానికి ‘క’ బొమ్మ తొడిగి చూపిస్తారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. ప్రపంచంలో వాడుకలో ఉన్న దాదాపు అన్ని లిపుల అక్షరాలకూ అందులో సొంత సంఖ్యలు ఉంటాయి. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. యూనికోడ్‌లో రాసిన ‘క’ ఫోన్‌లోనైనా, జెరాక్సు షాపులోనైనా, పదేళ్ల తర్వాతైనా ‘క’గానే ఉంటుంది. వెతికితే దొరుకుతుంది, వాట్సాప్‌లో పంపితే చేరుతుంది.

యూనికోడ్‌లో రాయడానికి ఏదీ కొనక్కర్లేదు. విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్‌లో సెట్టింగుల్లోకి వెళ్లి, భాషల దగ్గర తెలుగును చేర్చండి. దాని ఆప్షన్లలో రెండు రకాల కీబోర్డులు కనిపిస్తాయి. ఒకటి ఫొనెటిక్. ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఏ ఎం ఎం ఏ’ అని కొడితే ‘అమ్మ’ వస్తుంది. 2019 నుంచి ఇది విండోస్‌తోనే వస్తోంది. ఫోన్‌లో ఇలా రాయడం అలవాటైనవారికి పది నిమిషాల్లో పట్టుబడుతుంది.

రెండోది ఇన్‌స్క్రిప్ట్. పిల్లలకు మాత్రం ఇదే నేర్పమని నా సలహా. దీనికి ఇంగ్లీషు స్పెల్లింగుతో పనిలేదు. ఎడమ చేతివైపు అచ్చులు, గుణింతపు గుర్తులు ఉంటాయి. కుడివైపు ఎక్కువగా హల్లులుంటాయి. ఇంగ్లీషు ‘కె’ కీ నొక్కితే క, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఖ. ‘డి’ కీ పొల్లు. ‘అమ్మ’ రాయాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. నాలుగు నొక్కులంతే. మకు పొల్లు పెట్టి మళ్లీ మ రాస్తే మకు మవత్తు వస్తుందని పిల్లవాడికి కళ్ల ముందే తెలుస్తుంది. ఒత్తులు పలక మీద నేర్పినంత చక్కగా కీబోర్డు మీదా నేర్పవచ్చు.

బెంగళూరు పిల్లలకు ఇందులో ఇంకో లాభం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అమరిక చాలా భారతీయ భాషలకు ఒక్కటే. కీబోర్డును కన్నడానికి మార్చి అవే నాలుగు నొక్కులు నొక్కితే కన్నడ లిపిలో ‘అమ్మ’ వస్తుంది. మా క్లాసులో మొదటిసారి ఇది చూపించినప్పుడు పిల్లలు నమ్మలేదు, ఒక్కొక్కరూ వచ్చి నొక్కి చూసుకున్నారు. తెలుగు టైపింగు నేర్చుకుంటే కన్నడం వెనకబడుతుందని భయపడే తల్లిదండ్రులకు నేను ఇదే చేసి చూపిస్తాను. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. కర్ణాటక ప్రభుత్వ కార్యాలయాల్లో ఎక్కువగా వాడే ‘నుడి’ కీబోర్డు అమరిక వేరు. కన్నడ గణక పరిషత్తు ఇచ్చే ఆ సాఫ్ట్‌వేరు కూడా ఉచితమే. పెద్ద పిల్లలు ఉద్యోగాల కోసం దాన్ని తర్వాత నేర్చుకోవచ్చు.

ప్రశ్నపత్రానికి లిబ్రేఆఫీస్

నేను రోజూ తెరిచే సాఫ్ట్‌వేరు ఇదే. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి, అప్పటి నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతుల్లో పెరుగుతోంది. రాతకు రైటర్, మార్కుల పట్టికకు కాల్క్, పాఠం తెర మీద చూపించడానికి ఇంప్రెస్ అని ఇందులో భాగాలున్నాయి. వర్డ్‌లో చేసిన ఫైళ్లూ తెరుచుకుంటాయి, కాకపోతే పట్టికలు, బొమ్మలు అక్కడక్కడా కాస్త జరుగుతాయి. ఒకసారి సరిచూసుకోవాలి.

కొత్తవారు తడబడేది ఒకచోట. తెలుగు వాక్యాన్ని ఎంచుకుని ఫాంటు మార్చినా ఏమీ మారదు. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, భాషల సెట్టింగుల్లో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ దగ్గర టిక్కు పెట్టి, తెలుగును ఎంచుకోండి. అప్పుడు తెలుగుకు వేరుగా ఫాంటు, సైజు పెట్టుకునే వీలు వస్తుంది. ఈ ఒక్క టిక్కు తెలియక నేను రెండు వారాలు తిప్పలు పడ్డాను.

ఫైలు పూర్తయ్యాక పీడీఎఫ్‌గా మార్చి మాత్రమే జెరాక్సు షాపుకు తీసుకెళ్లండి. రైటర్‌లో పైవరుసలోనే దానికి గుర్తు ఉంటుంది. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే ఇమిడిపోతుంది కాబట్టి, షాపులో తెలుగు ఫాంటు లేకున్నా అచ్చు మీరు చూసినట్టే పడుతుంది. ఆ సాయంత్రం నాకు ఈ సంగతి తెలిసి ఉంటే రాత్రంతా మేల్కొనే పని ఉండేది కాదు.

ఎఫ్‌ఏ, ఎస్‌ఏ మార్కులు కూడడానికి కాల్క్ వాడుతున్నాను. మొదటి టర్ములో పట్టిక ఒకసారి తయారు చేసుకుంటే మిగతా ఏడాది అంకెలు నింపడమే పని. స్పెల్ చెక్‌ను మాత్రం తెలుగులో నమ్ముకోకండి. మన మాటలు సంధులతో, విభక్తులతో కలిసిపోతాయి. సరైన మాటల కింద కూడా అది ఎర్ర గీత పెడుతుంది. అచ్చుకు ముందు ఇంకొకరి చేత చదివించుకోవడమే మేలు.

కళ్లకు ఇంపైన ఫాంట్లు

విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మల ఫాంట్లతో పని జరిగిపోతుంది. కానీ చిన్నపిల్లల వాచకానికి గుండ్రంగా, విడివిడిగా కనిపించే అక్షరాలు కావాలి. కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను తయారు చేసి ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, పెద్దన, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు వచ్చాయి. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, పుస్తకాల్లోనూ అచ్చు వేసుకోవచ్చు. పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర నాకు బాగా కుదిరాయి. తెలుగు, కన్నడం రెండూ ఉండే నోటీసులకు నోటో ఫాంట్లు బాగుంటాయి. రెండు లిపుల్లోనూ అక్షరాల మందం, ఎత్తు దగ్గర దగ్గరగా ఉంటాయి.

నెట్ లేని గదికి వికీపీడియా

మా కంప్యూటర్ గదిలో నెట్ వస్తూ పోతూ ఉంటుంది. అందుకే కివిక్స్ పెట్టుకున్నాం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను ఒకే ఫైలుగా దించుకుంటే పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. ఆ తర్వాత నెట్ లేకుండానే చదువుకోవచ్చు. గోదావరి గురించో, చంద్రయానం గురించో ప్రాజెక్టు ఇస్తే పిల్లలు అందులో వెతుక్కుంటారు. అక్కర్లేని ప్రకటనలు, వీడియోలు ఉండవు. కొన్ని వ్యాసాలు చాలా చిన్నవి, కొన్నింట్లో తప్పులూ ఉంటాయి. అందుకని పిల్లలు రాసుకున్నదాన్ని పాఠ్యపుస్తకంతో సరిచూడమంటాను. ఆ సరిచూడడం కూడా ఒక పాఠమే.

లెక్కలు, సైన్సు, బొమ్మలు

జామెట్రీకి జియోజీబ్రా. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి 2001లో దీన్ని మొదలుపెట్టారు. త్రిభుజం గీసి, దాని ఒక మూలను మౌసుతో లాగితే కోణాలు మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీలే ఉంటుంది. బోర్డు మీద ఎన్ని త్రిభుజాలు గీస్తే అది చూపించగలం?

సైన్సుకు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించారు. బల్బు, బ్యాటరీ, తీగలు కలిపి సర్క్యూట్ కట్టుకోవచ్చు, తప్పు కలిపితే షాక్ కొట్టదు. కొన్నింటికి తెలుగు అనువాదాలున్నాయి. కావలసిన ప్రయోగాన్ని ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానే నడుస్తుంది.

ఒకటి నుంచి నాలుగో తరగతి పిల్లలకు టక్స్ పెయింట్, జీకాంప్రీ. మొదటిది బొమ్మలు గీసుకునేది, దాని మెనూలను తెలుగులో పెట్టుకోవచ్చు. రెండోదాంట్లో లెక్కింపు, ఆకారాలు, జ్ఞాపకశక్తి ఆటల వంటివి వందకు పైగా ఉన్నాయి. మౌసు పట్టుకోవడం రాని పిల్లలు వారంలో చేయి తిప్పుకుంటారు.

గొంతులు దాచుకోవడానికి ఆడాసిటీ

ఆడాసిటీ ధ్వనిని రికార్డు చేసి, అక్కర్లేని ముక్కలు కత్తిరించుకునే సాఫ్ట్‌వేరు. దీన్ని మొదట పఠనం కోసం తెచ్చాను. జూన్‌లో ఒక పిల్లవాడు వాచకం చదివింది రికార్డు చేసి, డిసెంబరులో మళ్లీ చేయించి, రెండూ వాడికే వినిపిస్తాను. నేను పదిసార్లు దిద్దినా మారని ఉచ్చారణ వాడు తన చెవితో విన్నాక మారుతుంది.

తర్వాత అది ఇంకో దారి పట్టింది. మా పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కట్టడం పనులకు, గార్మెంట్స్ పనులకు వచ్చినవారు. దసరా సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అవ్వ చెప్పిన కథను ఫోన్‌లో రికార్డు చేసుకుని రమ్మన్నాను. దాన్ని ఆడాసిటీలో శుభ్రం చేసి, విని, పిల్లలే ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేశారు. ‘నా మాట కూడా రాస్తారా?’ అని ఒక అవ్వ అడగడం ఆ రికార్డులోనే ఉంది. ఆ పిల్లవాడి అమ్మ తల్లిదండ్రుల సమావేశానికి వచ్చి, ‘ఏం మేడమ్, మావోడు మా అత్త చెప్పిన కతను కంప్యూటర్‌లో రాసినాడంట, ఒక కాయితం ఈండి, ఊరికి పంపిస్తా’ అంది. కాయితం అచ్చులోనే ఇచ్చాను.

పాత కంప్యూటర్లను పారేయకండి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ముగిసింది. బడుల్లో ఉండే పాత కంప్యూటర్లు చాలావరకు విండోస్ 11కు సరిపోవు. దానికి కొత్త ప్రాసెసరు, భద్రతా చిప్పు కావాలి. అలాంటివాటిలో లినక్స్ మింట్ వేసుకోవచ్చు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, నచ్చితేనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే వీలుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే మా పనులకు చాలింది. ఎస్పీ రోడ్డులో పాత హార్డ్‌డిస్కు తీయించి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించాక, టీ తాగి వచ్చేదాకా తెరుచుకోని కంప్యూటరు నిమిషంలోపే తెరుచుకుంటోంది. పైన చెప్పినవాటిలో దాదాపు అన్నీ లినక్స్‌లోనూ నడుస్తాయి. ఎక్కించే ముందు బడి ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడం మరవకండి.

ఇది వింత ప్రయోగమేమీ కాదు. పక్కనున్న కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ప్రభుత్వ బడులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదికి మార్చింది. ఇప్పుడు కైట్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. మన బెంగళూరులోనే ఐటీ ఫర్ చేంజ్ సంస్థ ప్రభుత్వ టీచర్లకు ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో శిక్షణ ఇచ్చింది.

ఉచితం వేరు, దొంగ కాపీ వేరు

‘ఖరీదైన సాఫ్ట్‌వేరు కూడా ఫ్రీగా వేసిస్తాను’ అనే షాపులు అన్ని ఊళ్లలోనూ ఉంటాయి. అది దొంగ కాపీ. దానితోపాటు వైరసు వచ్చినా అడిగే దిక్కుండదు. పైగా కాపీ కొట్టొద్దని పిల్లలకు చెప్పే బడిలో అది ఉండకూడదు. లిబ్రేఆఫీస్, ఆడాసిటీ, కివిక్స్ వంటివి ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు అని తయారుచేసినవారే రాసిచ్చారు. జియోజీబ్రా సంగతి కాస్త వేరు. చదువు పనులకు ఉచితం, వ్యాపారానికి కాదు.

దించుకునేటప్పుడు అసలు చోటు నుంచే దించుకోండి. లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, కివిక్స్ డాట్ ఆర్గ్, టక్స్‌పెయింట్ డాట్ ఆర్గ్, జియోజీబ్రా డాట్ ఆర్గ్ వాటి చిరునామాలు. పేరు కొట్టి వెతికితే మొదట ప్రకటనలు కనిపించవచ్చు. డబ్బు తప్పనిసరిగా కట్టాలన్నా, ఫోన్ నంబరు అడిగినా అది అసలుది కాదని అనుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ ఒకేసారి వేసుకుంటే ఏదీ వాడం. నేను చేసిన తప్పు అదే. మొదటి శనివారం తెలుగు కీబోర్డు చేర్చుకుని, మీ పేరు, బడి పేరు టైపు చేయండి. రెండో శనివారం లిబ్రేఆఫీస్ వేసుకుని, పాత ప్రశ్నపత్రం ఒకటి తిరిగి టైపు చేసి, పీడీఎఫ్ తీయండి. మొదటిది నాకు మూడు గంటలు పట్టింది. ఇప్పుడు నలభై నిమిషాలు. ఈ రెండూ అలవాటయ్యాక మిగతావి మీ సబ్జెక్టును బట్టి ఒక్కొక్కటే చేర్చుకోండి. బడిలో కనీసం ఇద్దరు టీచర్లు నేర్చుకోవాలి. ఒకరే నేర్చుకుంటే వారు బదిలీ అయిన రోజున మళ్లీ మొదటికి వస్తాం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈసారి బడికి వెళ్లినప్పుడు కంప్యూటర్ గది చూపించమని అడగండి. ‘ఇందులో మా పిల్లవాడి పేరు తెలుగులో రాయించి చూపిస్తారా?’ అనండి. రాయగలిగితే మెచ్చుకోండి. రాయలేకపోతే కోప్పడకండి. మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే అబ్బాయో అమ్మాయో ఉంటే ఒక శనివారం బడికి పంపండి. కీబోర్డు చేర్చడానికి పది నిమిషాలు చాలు.

మా బడిలో తెలుగు సెక్షనులో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. సాఫ్ట్‌వేరు దాన్ని ఆపుతుందని నేను అనను. కానీ ఉన్న పిల్లలు తమ పేపరు పక్క సెక్షను పేపరుకు తీసిపోయిందని అనుకోకూడదు. మొన్నటి అర్ధ సంవత్సర పరీక్షకు మా గణితం పేపరు మండలి ఫాంటులో, సరైన పటాలతో, అచ్చులో వచ్చింది. 17 అంటే 17 లాగానే ఉంది. ఈసారి పిల్లలెవరూ పేపరు గురించి అడగలేదు. లెక్కలు కష్టంగా ఇచ్చారని మాత్రం అన్నారు.